ఎండలోనూ రిమోట్ మాట టీవీకి ఎలా వినిపిస్తుంది?

మిట్టమధ్యాహ్నం కిటికీలోంచి ఎండ పడుతున్న గదిలో కూడా టీవీ రిమోట్ పనిచేస్తుంది. ఇందులో వింతేముంది అనిపించవచ్చు గానీ, లెక్క చూస్తే వింతే. రిమోట్ కొసన ఉండే చిన్న ఎల్‌ఈడీ వెలువరించేది సుమారు 940 నానోమీటర్ల పరారుణ కాంతి. అదే కాంతి ఎండలో పుష్కలంగా ఉంది. పాతకాలపు ఫిలమెంటు బల్బయితే తను తినే కరెంటులో ఎక్కువ భాగాన్ని పరారుణ రూపంలోనే వదిలేస్తుంది. టీవీ అంచున రిసీవర్ మీద ఉండే నల్లటి ప్లాస్టిక్ తొడుగు కంటికి కనిపించే వెలుతురును ఆపుతుంది. ఎండలోని పరారుణాన్ని మాత్రం ఆపలేదు, ఆపితే రిమోట్ కాంతినీ ఆపాల్సి వస్తుంది. కాబట్టి రంగును బట్టి ఈ రెంటినీ విడదీయడం కుదరదు. బలాన్ని బట్టి విడదీద్దామా అంటే, రిసీవర్‌లోని ఫొటోడయోడ్‌లో ఎండ పుట్టించే కరెంటు, గదికి ఆ చివర్నుంచి రిమోట్ పుట్టించే కరెంటు కన్నా వేల రెట్లు ఎక్కువ కావచ్చు. బలంలో రిమోట్ గెలిచే ప్రశ్నే లేదు.

రిమోట్ గెలిచేది లయలో. బటన్ నొక్కినప్పుడు దాని ఎల్‌ఈడీ ఊరికే వెలగదు. సెకనుకు దాదాపు 38,000 సార్లు వెలిగి ఆరుతుంది. ఆ వెలుగుల గుంపులను చిన్నా పెద్దా విరామాలతో పంపడమే రిమోట్ భాష. ఎండకు అలాంటి లయేదీ లేదు, నిలకడగా కాస్తుంది. 50 హెర్ట్జ్ కరెంటు మీద నడిచే పాత చోక్ ట్యూబ్‌లైటు సెకనుకు 100 సార్లు మినుకుతుంది, రిమోట్ లయకు అది ఎంతో దూరం. సెకనుకు 38,000 సార్లు, అంటే 38 కిలోహెర్ట్జ్, అన్న అంకెలో దైవ రహస్యమేమీ లేదు. రేడియోల్లో విరివిగా వాడే 455 కిలోహెర్ట్జ్ సిరామిక్ రెజొనేటర్ చవగ్గా దొరికేది. దాని పౌనఃపున్యాన్ని 12తో భాగిస్తే వచ్చేది 37.9. ఫిలిప్స్ వాళ్ల ఆర్‌సీ-5 పద్ధతి 36 కిలోహెర్ట్జ్ వాడుతుంది. అంకె ఏదైనా టీవీ చేయాల్సిన పని ఒకటే: ఆ పౌనఃపున్యాన్నీ దాని ఇరుపక్కల కొంచెం మేరనూ ఉంచుకుని, పైనున్నవాటినీ కిందనున్నవాటినీ వదిలేయాలి. ఈ పని చేసే సర్క్యూట్‌ను బ్యాండ్ పాస్ ఫిల్టర్ అంటారు. అక్కర్లేని పౌనఃపున్యాలను అడ్డుకోవడమే దాని పని అని సాధారణంగా చెబుతుంటారు. అది తప్పు కాదు గానీ, అసలు విషయం అందులో సగమే ఉంది. తన లయతో కలిసిన సంకేతానికి నష్టం రాకుండా చూడడం మీదే ఫిల్టర్ పదునంతా ఆధారపడుతుంది. ఆ నష్టాన్ని ఎవరు, దేన్ని ఖర్చుపెట్టి పూడుస్తారన్న ప్రశ్నకు ఇరవయ్యో శతాబ్దం మధ్యలో దొరికిన జవాబే యాక్టివ్ ఫిల్టర్.

కాయిల్, కెపాసిటర్: పాత జోడీ

పౌనఃపున్యాన్ని ఎంచుకునే పాత పద్ధతికి రెండు వస్తువులు చాలు. ఒకటి కాయిల్, పాత ట్యూబ్‌లైటు పట్టీలో ఇనుప దిమ్మెలా బరువుగా ఉండే చోక్ ఈ జాతిదే. రెండోది కెపాసిటర్, ఫ్యాను నెమ్మదిగా తిరుగుతోందని ఎలక్ట్రీషియన్ మార్చే కండెన్సర్ అదే. కెపాసిటర్ శక్తిని విద్యుత్ క్షేత్రంగా దాస్తుంది, కాయిల్ అయస్కాంత క్షేత్రంగా దాస్తుంది. రెంటినీ కలిపితే శక్తి ఒకదాన్నుంచి ఇంకోదానికి పోయి మళ్లీ వెనక్కి వస్తూ ఉంటుంది, ఉయ్యాలబల్ల అటూ ఇటూ ఊగినట్టు. ఉయ్యాలకు తనదైన వేగం ఒకటుంటుంది. ఆ వేగానికి సరిపడేలా తోస్తే మునివేళ్లతో తోసినా ఊపు పెరుగుతూ పోతుంది. వేళ తప్పి తోస్తే ఒక తోపు ఇచ్చినదాన్ని తర్వాతి తోపు చెడగొడుతుంది. భౌతిక శాస్త్రం దీన్నే అనునాదం అంటుంది. ఉయ్యాల గొలుసులు నూనె వేసినట్టుండి నష్టం తక్కువైతే ఊపు చాలాసేపు నిలుస్తుంది, వేళ తప్పిన తోపులకూ వేళ కుదిరిన తోపులకూ తేడా బాగా తెలుస్తుంది. గొలుసులు తుప్పుపట్టి ఉంటే దేనికీ పెద్దగా ఊగదు. ఫిల్టర్ పదును అనే మాటకు అర్థం ఇదే: ఒక్కో ఊపుకు ఎంత తక్కువ శక్తి పోతే అంత పదును.

ఈ జోడీలను వరసగా పేర్చి ఫిల్టర్లు కట్టే పద్ధతిని 1915 ప్రాంతంలో అమెరికాలో ఏటీ అండ్ టీ ఇంజినీరు జార్జ్ క్యాంప్‌బెల్, జర్మనీలో కార్ల్ విల్లీ వాగ్నర్ ఒకరితో ఒకరికి సంబంధం లేకుండా రూపొందించారు. ఒకే తీగ మీద అనేక టెలిఫోన్ సంభాషణలను వేర్వేరు పౌనఃపున్యాల్లో పంపి, అవతలి కొసన మళ్లీ విడదీయడానికి అవి పనికొచ్చాయి. టెలిఫోన్ కంపెనీలకు జాగా కొరత లేదు, బరువుతో పేచీ లేదు. గోడ నిండా బీరువాల్లో కాయిళ్లు పెట్టుకున్నా అడిగేవారు లేరు. పేచీ వచ్చింది అదే పనిని అరచేతిలో పట్టే పరికరాల్లో, ఆపైన చిప్‌లలో చేయాల్సి వచ్చినప్పుడు.

[బాక్స్] కాయిల్ ఎంత పెద్దది కావాలి?

పౌనఃపున్యం తగ్గే కొద్దీ కాయిల్ పెరుగుతుంది. ఎఫ్‌ఎం రేడియో పనిచేసే 100 మెగాహెర్ట్జ్ దగ్గర 10 పికోఫారడ్ కెపాసిటర్‌కు జోడీగా పావు మైక్రోహెన్రీ చాలు, అంటే నాలుగైదు చుట్ల తీగ. రిమోట్ వాడే 38 కిలోహెర్ట్జ్ దగ్గర ఒక నానోఫారడ్‌కు జోడీగా 17.5 మిల్లీహెన్రీలు కావాలి. ఫెర్రైట్ ముక్క మీద వందల చుట్లు చుట్టాలి. 1 కిలోహెర్ట్జ్‌కు దిగితే 0.1 మైక్రోఫారడ్‌తో పావు హెన్రీ. ఇక గుండె కొట్టుకునే వేగం, సెకనుకు ఒక్క కంపనం: ఒక మైక్రోఫారడ్ కెపాసిటర్ పెట్టుకుంటే కావాల్సిన కాయిల్ 25,000 హెన్రీలు. పాత ట్యూబ్‌లైటు చోక్ సుమారు ఒక హెన్రీ ఉంటుంది. ఈసీజీ యంత్రంలో ఇంత నెమ్మది సంకేతాల ఫిల్టర్‌ను కాయిల్‌తో చేయాలంటే లారీడు చోక్‌లు కావాలన్నమాట.

కాయిల్ తీసేస్తే పోయేది

కాయిల్ లేకుండా, రెసిస్టర్లూ కెపాసిటర్లతో మాత్రమే బ్యాండ్ పాస్ ఫిల్టర్ చేయవచ్చు కదా అని ఎవరికైనా తోస్తుంది. చేయవచ్చు. వరసలో పెట్టిన కెపాసిటర్ నెమ్మది సంకేతాలను పోనివ్వదు, అడ్డంగా పెట్టిన కెపాసిటర్ వేగవంతమైనవాటిని నేలకు దింపేస్తుంది; రెంటి మధ్యా మిగిలేదే మనకు కావాల్సిన పట్టీ. వస్తువులు చవక, పరిమాణం ఆవగింజంత. పది కిలోఓమ్‌ల రెసిస్టర్‌కు 420 పికోఫారడ్‌లు జోడిస్తే కేంద్రం సరిగ్గా 38 కిలోహెర్ట్జ్ దగ్గర కూర్చుంటుంది. చిక్కల్లా పదునుతోనే. సమాన విలువలతో కట్టిన అలాంటి జోడీ కేంద్రం దగ్గర కూడా సంకేతంలో మూడో వంతే బయటికి ఇస్తుంది. సగం శక్తి గుర్తు దగ్గర కొలిస్తే దాని పట్టీ 11.5 నుంచి 125 కిలోహెర్ట్జ్ దాకా పరచుకుంటుంది. దీన్ని ఎంచుకోవడం అనడం కాస్త మొహమాటమే. కారణం రెసిస్టర్. కాయిల్ అయితే శక్తిని దాచి తిరిగి ఇస్తుంది. రెసిస్టర్ దగ్గర దాచుకునే గుణమే లేదు, దాని గుండా పోయిన శక్తి వేడై పోతుంది. ఇది గొలుసులు తుప్పుపట్టిన ఉయ్యాల.

ఒకటి చాలకపోతే పది పెడదాం అన్నది తర్వాతి అభ్యంతరం. లెక్క వేసి చూస్తే అది ఎంత బీద పరిష్కారమో తెలుస్తుంది. ఒకదాని ప్రభావం ఇంకోదాని మీద పడకుండా పది అంచెలు వరసగా పెట్టామే అనుకుందాం. పట్టీ 114 కిలోహెర్ట్జ్ వెడల్పు నుంచి సుమారు 30కి తగ్గుతుంది, సంకేతం మాత్రం దాదాపు 60 వేల వంతుకు పడిపోతుంది. అసలే నీరసంగా వచ్చిన రిమోట్ కాంతికి ఇది ఉరిశిక్షే. రెసిస్టర్లూ కెపాసిటర్లను ఎన్ని పెట్టి ఏ క్రమంలో అల్లినా, నిజమైన ఊపు పుట్టదన్నది గణితం తేల్చి చెప్పిన మాట. శక్తిని బయటినుంచి పెట్టేవాళ్లు ఎవరో ఒకరు ఉండాలి.

నష్టాన్ని పూడ్చే యాంప్లిఫైయర్

ఆ పని యాంప్లిఫైయర్‌ది. పైన చెప్పిన జోడీ నుంచి బయటికొచ్చిన సంకేతాన్ని ఒక యాంప్లిఫైయర్‌తో 2.9 రెట్లు చేసి, మళ్లీ అదే జోడీ మొదటికి కలిపామనుకుందాం. కేంద్ర పౌనఃపున్యం దగ్గర జోడీ మూడో వంతు ఇస్తుంది, యాంప్లిఫైయర్ 2.9 రెట్లు చేస్తుంది. అంటే 100 పాళ్లు బయల్దేరితే ఒక చుట్టు తిరిగి దాదాపు 97 పాళ్లు వెనక్కి వస్తాయి. పైగా కొత్తగా వస్తున్న అలతో అడుగు కలిపి వస్తాయి. 100కు 97, దానికి 94, ఇలా కూడుతూ పోతే మొత్తం 30 రెట్ల దగ్గర ఆగుతుంది. కేంద్రానికి దూరంగా ఉన్న పౌనఃపున్యాల సంగతి వేరు. అవి జోడీలో ఎక్కువ తరుగుతాయి, అంతకన్నా ముఖ్యంగా కాస్త ముందుగానో ఆలస్యంగానో తిరిగొస్తాయి. వేళ తప్పిన తోపుల్లా ఒకదాన్నొకటి పెంచుకోలేవు. అవి ఉన్నంతే ఉంటాయి, కేంద్రం మాత్రం ముప్పై రెట్లవుతుంది. తేడా పుట్టింది కాని పౌనఃపున్యాలను అణచడం వల్ల కాదు, అయినదాన్ని ఎత్తడం వల్ల. ఈ అమరికలో పట్టీ వెడల్పు 3.8 కిలోహెర్ట్జ్‌కు, అంటే కేంద్రంలో పదో వంతుకు కుదించుకుంటుంది. నేటి రిమోట్ రిసీవర్లలో ఉండే వెడల్పు కూడా ఇంచుమించు ఇదే. అటూ ఇటూ ఊగడానికి కావాల్సిన శక్తి బ్యాటరీ నుంచో పవర్ సప్లై నుంచో వస్తుంది. యాక్టివ్ అన్న పేరు దానివల్లనే.

ఈ ఉపాయంలో ప్రమాదం కూడా అక్కడే పొంచి ఉంది. పెంపు 2.9 నుంచి 2.95కు జరిగితే, అంటే రెండు శాతం కూడా మారకుండానే, పదును రెట్టింపవుతుంది. సరిగ్గా 3 అయితే వంద పాళ్లు వెళ్లి వంద పాళ్లు వెనక్కి వస్తాయి. ఇక బయటి సంకేతం అక్కర్లేదు, సర్క్యూట్ తనంతట తానే ఊగుతూ ఉంటుంది. ఫిల్టర్‌గా అది చచ్చినట్టే, డోలకంగా మాత్రం పనికొస్తుంది. విలియం హ్యూలెట్ ఈ అంచునే పట్టుకుని, పెంపును సరిగ్గా మూడు దగ్గర నిలపడానికి ఒక చిన్న బల్బు ఫిలమెంటును వాడి ఆడియో ఆసిలేటర్ చేశాడు. హ్యూలెట్-ప్యాకర్డ్ కంపెనీ తొలి ఉత్పత్తి అదే. 1939లో మొదలైన ఆ కంపెనీ దగ్గర వాల్ట్ డిస్నీ సంస్థ ఎనిమిది ఆసిలేటర్లు కొన్నది. ఒకరికి పీడకల అయినది ఇంకొకరికి సరుకైంది. మామూలు రెసిస్టర్ల విలువలు అయిదు శాతం అటూ ఇటూ ఉండడం సహజం కనుక, ఇలాంటి సర్క్యూట్‌ను లక్షల్లో తయారుచేసి అన్నీ ఒకేలా ఉండాలనుకోవడం అత్యాశే.

ఈ ఇబ్బందికి మందు అప్పటికే దొరికి ఉంది. బెల్ ల్యాబ్స్‌లో హెరాల్డ్ బ్లాక్ 1927 ఆగస్టులో పనికి పోతూ ఫెర్రీ పడవలో న్యూయార్క్ టైమ్స్ పేజీ మీద రాసుకున్న ఆలోచన అది: యాంప్లిఫైయర్ ఉత్పత్తిలో కొంత భాగాన్ని తిరగేసి మొదటికే పంపితే, అది తన తప్పులను తానే తీసేసుకుంటుంది. పెంపు తగ్గుతుంది, నమ్మకం పెరుగుతుంది. ఫిల్టర్‌కు దీన్ని అన్వయిస్తే కథ తిరగబడుతుంది. తిరుగుదారిలో కేంద్ర పౌనఃపున్యాన్ని అతి తక్కువగా, మిగతావాటిని ఎక్కువగా పంపే కెపాసిటర్ల అల్లిక పెడతారు. తిరగేసి వచ్చిన మిగతా పౌనఃపున్యాలు తమను తామే కొట్టేసుకుంటాయి. కేంద్రానికి ఆ కోత ఉండదు కనుక యాంప్లిఫైయర్ శక్తి దానికే దక్కుతుంది. ఇక్కడ పదును రెండు రెసిస్టర్ల నిష్పత్తి మీద ఆధారపడుతుంది. ఆ నిష్పత్తి రెండు శాతం తప్పితే పదును ఒక్క శాతమే తప్పుతుంది. ముందటి పద్ధతిలో అంత తప్పుకే అది రెట్టింపైంది. ఎంఐటీ లింకన్ ల్యాబొరేటరీకి చెందిన సాలెన్, కీ అనే ఇద్దరు 1955లో కాయిల్ లేని ఫిల్టర్ల పట్టికనే ప్రచురించారు, అదీ వాక్యూమ్ ట్యూబుల కాలంలో. 1968లో ఫెయిర్‌చైల్డ్ 741 అనే ఓప్-ఆంప్ చిప్ వచ్చాక, ఒక యాంప్లిఫైయర్ ఖరీదు మంచి కాయిల్ ఖరీదు కన్నా దిగిపోవడం మొదలైంది. సిద్ధాంతం గెలవడానికి చివరికి చవకదనమే కావాల్సి వచ్చిందన్నమాట.

నమ్మకానికీ ధర ఉంది. పదును పది కావాలంటే, అంటే పట్టీ కేంద్రంలో పదో వంతు కావాలంటే, ఈ తిరగేసే పద్ధతిలో కేంద్రం దగ్గర యాంప్లిఫైయర్ సొంత పెంపు 200 కన్నా బాగా ఎక్కువ ఉండాలి. 741 పెంపు పౌనఃపున్యంతో పాటు పడిపోతూ ఒక మెగాహెర్ట్జ్ దగ్గర ఒకటికి వస్తుంది. 38 కిలోహెర్ట్జ్ దగ్గర అది సుమారు 26 మాత్రమే. ఆడియో పనులకు చాలినదే రిమోట్ రిసీవర్‌కు చాలదు. తొలినాటి కొన్ని రిసీవర్ బోర్డుల మీద చిన్న కాయిల్ కనిపించడానికీ, వేగవంతమైన చిప్‌లు వచ్చాక అది మాయమవడానికీ ఈ లెక్కతో సంబంధం ఉంది.

ఇంకా పదును పెట్టకూడదా?

పదో వంతు పట్టీ ఇంత బాగా పనిచేస్తే, నూరో వంతు పెడితే ఇంకా బాగుండదా? ఈ ప్రశ్న సమంజసమైనదే, జవాబు కూడా యాంప్లిఫైయర్ నాణ్యతతో పనిలేనిది. నష్టం తక్కువైన ఉయ్యాల ఎక్కువసేపు ఊగుతుంది నిజమే, కానీ పూర్తి ఊపు అందుకోవడానికీ అంతే ఎక్కువసేపు తీసుకుంటుంది. విరివిగా వాడే ఎన్‌ఈసీ రిమోట్ పద్ధతిలో ఒక్కో వెలుగుల గుంపు 560 మైక్రోసెకన్లు ఉంటుంది, అందులో 21 మినుకులు. పదును పది ఉన్న ఫిల్టర్ సుమారు 84 మైక్రోసెకన్లలో మూడింట రెండొంతుల దాకా లేస్తుంది. గుంపు ముగిసేలోగా నిండుగా పలికి, విరామంలో మళ్లీ చల్లబడుతుంది. పదును వంద చేస్తే అదే మెట్టుకు 840 మైక్రోసెకన్లు కావాలి. ఈలోగా గుంపు అయిపోతుంది, అది చల్లారకముందే తర్వాతి గుంపు వచ్చిపడుతుంది, అక్షరాలన్నీ ఒకదాన్లోకి ఒకటి కలిసిపోతాయి. ఎక్కువ ఎంచుకునేది ఎక్కువ ఆలస్యంగా మేలుకుంటుంది. ఇది ఏ తయారీదారూ దాటలేని హద్దు, కాయిల్ ఫిల్టర్‌కైనా కంప్యూటర్ ప్రోగ్రాముకైనా ఇదే వర్తిస్తుంది. దీనికి తోడు, రిమోట్‌లోని రెజొనేటర్ కూడా అంకె తప్పకుండా మినుకుతుందన్న హామీ లేదు. మరీ ఇరుకు పట్టీ అయితే తన సొంత రిమోట్‌నే బయట నిలబెట్టే ప్రమాదం ఉంది.

పట్టీలో ఉన్న ఈ కాస్త వెడల్పే ఒకప్పుడు ఇళ్లలో తలనొప్పి తెచ్చింది. ఎలక్ట్రానిక్ చోక్‌లూ సీఎఫ్ఎల్ బల్బులూ మనిషి చెవికి వినపడకుండా 20 కిలోహెర్ట్జ్‌కు పైన, పదుల కిలోహెర్ట్జ్‌లలో పనిచేస్తాయి. వాటి కాంతి రెపరెపలు 38 కిలోహెర్ట్జ్ పరిసరాల్లో పడితే ఫిల్టర్‌కు ఆ బల్బూ ఒకటే, రిమోటూ ఒకటే. ఇక్కడ ఫిల్టర్ ఓడిపోయిందని ఒప్పుకోవాలి. రిసీవర్ చిప్ ఈ ఓటమిని ఇంకో గుణంతో సర్దుకుంటుంది: బల్బు ఆగకుండా మినుకుతుంది, రిమోట్ ఆగి ఆగి మాట్లాడుతుంది. విరామం లేని లయ వినిపిస్తే చిప్ తన పెంపును తగ్గించుకుని దాన్ని నేపథ్యంగా జమకడుతుంది. దానివల్ల రిమోట్ అందే దూరం తగ్గవచ్చు, ఛానెల్ మాత్రం దానంతటది మారదు.

కంప్యూటర్ చేయలేదా?

చివరి అభ్యంతరం అన్నిటికన్నా గట్టిది. ఈ రోజుల్లో సంకేతాన్ని అంకెలుగా మార్చి ప్రోగ్రాముతో వడకట్టడం మామూలైపోయింది. ఈ కెపాసిటర్ల తంటా ఎందుకు? చాలాచోట్ల ప్రోగ్రాము నిజంగానే మేలు. అయినా అంకెలుగా మార్చే ముందు ఒక ఫిల్టర్ ఉండి తీరాలి. సెకనుకు లక్ష సార్లు సంకేతాన్ని కొలిచే యంత్రం ఉందనుకుందాం. దానికి 62 కిలోహెర్ట్జ్ మినుకు, 38 కిలోహెర్ట్జ్ మినుకు అచ్చంగా ఒకే అంకెల వరసగా కనిపిస్తాయి. ఒకసారి అలా కలిసిపోయాక ఏ ప్రోగ్రామూ వాటిని విడదీయలేదు, విడదీయడానికి కావాల్సిన సమాచారమే అక్కడ ఉండదు. రెండోది, ఎండ పుట్టించే పెద్ద కరెంటు పక్కన వేల వంతుల చిన్న సంకేతాన్ని కొలవాలంటే చాలా సున్నితమైన, ఖరీదైన కొలత యంత్రం కావాలి. ముందే ఎండ వాటాను తీసేస్తే మామూలుది చాలు. మూడోది కరెంటు ఖర్చు. టీవీ స్టాండ్‌బైలో ఉన్నప్పుడు ప్రధాన చిప్ నిద్రపోతుంది, రిసీవర్ మాత్రం మేలుకునే ఉండాలి. మిల్లీయాంపియర్‌లో మూడో వంతు కరెంటుతో ఆ కాపలా కాసే రిసీవర్లు బజారులో ఉన్నాయి.

అలాగని యాక్టివ్ ఫిల్టర్‌ను సర్వరోగ నివారిణిగా చూడనక్కర్లేదు. దాని యాంప్లిఫైయర్ తన సొంత గుసగుసను సంకేతంలో కలుపుతుంది. కాయిల్ ఆ పని చాలా తక్కువగా చేస్తుంది. యాక్టివ్ ఫిల్టర్ సప్లై వోల్టేజీ దాటిన సంకేతాన్ని మోయలేదు, అందుకే లౌడ్‌స్పీకర్ పెట్టెల్లో బరువైన రాగి కాయిళ్లు నేటికీ ఉన్నాయి. వందల మెగాహెర్ట్జ్ దగ్గర నాలుగు చుట్ల తీగ చేసే పనికి యాంప్లిఫైయర్ పెట్టడం దండగ. గుండె చప్పుడు నుంచి మనిషి గొంతు మీదుగా రిమోట్ మినుకు దాకా, అంటే కాయిల్ బరువెక్కే చోట మాత్రం యాక్టివ్ ఫిల్టర్‌కు సాటి లేదు. మీ టీవీ రిమోట్‌కు పలకకపోతే, ఫోను కెమెరాను రిమోట్ కొసకు చూపి బటన్ నొక్కండి. చాలా ఫోన్లలో ముందు కెమెరా పరారుణాన్ని కొంత చూడగలదు, ఊదారంగు చుక్క కనిపిస్తుంది. అది కనిపించినా టీవీ పలకడం లేదంటే, మెకానిక్‌ను పిలిచే ముందు గదిలోని దీపాలను ఒక్కొక్కటిగా ఆర్పి చూడండి.